ఒళ్లంతా నీరు, అయినా బీపీ ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి షుగర్ ఉంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో మొదలై సెప్సిస్ అయింది, ఐసీయూలో పెట్టారు. కాళ్లూ చేతులూ ఉబ్బిపోయాయి, బీపీ మాత్రం పడిపోయింది. ఒంట్లో అంత నీరుంటే బీపీ ఎలా పడిపోతుంది? ఇంటికొచ్చాక కూడా పాదాల వాపు తగ్గలేదు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నీరు ఉందమ్మా, ఉండాల్సిన చోట లేదు. రక్తనాళాలకు లోపలివైపు ఒకే వరుస కణాలతో పల్చటి పొర ఉంటుంది, ఎండోథీలియం అంటాం. నాళంలోంచి ఏది బయటికి పోవాలో చూసేదీ, రక్తం ఊరికే గడ్డకట్టకుండా కాపాడేదీ, నాళం బిగువును సరిచూసేదీ అదే. క్రిములు చొరబడితే ఒళ్లు ఎదురుతిరగడం మంచిదే, కానీ సెప్సిస్‌లో ఆ ఇన్‌ఫ్లమేషన్ అదుపు తప్పి ఒళ్లంతా పాకుతుంది, ఈ పొర దెబ్బతిని కణాల మధ్య సందులు తెరుచుకుంటాయి, రక్తంలోని ద్రవం కండరాల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ కారిపోతుంది. పైగా నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువై నాళాలు వదులవుతాయి. ఇక బీపీ ఎలా నిలుస్తుంది? సెలైన్ ఎక్కించినా చాలనప్పుడు నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ మందు పెట్టేది అందుకే.

ఇంకో నష్టం కంటికి కనపడదు. సన్నటి నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కట్టి కిడ్నీలాంటి అవయవాలకు రక్తం సరిగా అందదు, ఆ గడ్డల్లో ఖర్చయిపోయి ప్లేట్‌లెట్లూ పడిపోతాయి.

మరి ఆ ఇన్‌ఫ్లమేషన్‌నే ఆపేయొచ్చుగా అని చాలామంది అడుగుతారు. ప్రయత్నాలు చాలా జరిగాయి. యాక్టివేటెడ్ ప్రోటీన్ సి అనే మందుకు అమెరికాలో 2001లో అనుమతిచ్చారు, ప్రాణాలు నిలపడం లేదని తేలి 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఈ రోజుకీ ప్రాణం నిలిపేది త్వరగా పడిన యాంటీబయాటిక్, అదీ షాక్‌లో, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో, ఉంటే మొదటి గంటలోనే. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు చలిజ్వరం, మగత, ఆయాసం కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాదాల వాపు చాలావరకు మెల్లగా తీస్తుంది. పొర కోలుకునే కొద్దీ ఆ నీరు మళ్లీ రక్తంలోకి చేరి మూత్రంగా పోతుంది, కొందరికి వారాలు పడుతుంది. కానీ నీటిని నాళాల్లో పట్టి ఉంచే అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తగ్గినా, కిడ్నీ లేదా గుండె దెబ్బతిన్నా కూడా వాపు ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), అల్బుమిన్ ఈ వారమే చేయించి మీ డాక్టరుకు చూపించండి. నీరు తీసే మాత్రలు సొంతంగా కొని వేయకండి. మూత్రం తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, జ్వరం తిరగబెట్టినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.