ట్రామా థెరపీ నేర్చుకుంటే నా గాయం కూడా మానుతుందా?

ప్రశ్న: సైకాలజీలో పీజీ చేసి రెండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా చదువు ఒత్తిడి, ఇంట్లో గొడవలు లాంటి సమస్యలతో వస్తారు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు చిన్ననాటి హింస గురించి చెప్పారు. వింటున్నంతసేపూ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే ట్రామా థెరపీలో ట్రైనింగ్ తీసుకుందామనుకుంటున్నాను. తీసుకున్నవాళ్లు ‘మనిషినే మారిపోయాను’ అంటున్నారు. అమ్మేమో ‘రోజూ అవే వింటే నువ్వేమైపోతావే’ అని భయపడుతోంది. ఏ కోర్సు మంచిది? దీనివల్ల కెరీర్‌లో ఎదుగుదల ఉంటుందా? ఇంకో మాట. చిన్నప్పుడు నాకూ ఒక చేదు అనుభవం ఉంది. ట్రైనింగ్‌లో అది కూడా నయమవుతుందేమోనని లోపల్లోపల ఒక ఆశ.

జవాబు: మీ అసలు ప్రశ్న ‘ఇంకో మాట’ దగ్గర ఉంది. కౌన్సెలింగ్ గదిలోనూ ఇంతే కదా, అసలు సంగతి లేచి వెళ్లబోతూ చెబుతారు. కాబట్టి కోర్సుల కంటే ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

సొంత గాయంతో ఈ రంగంలోకి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. కానీ ట్రైనింగ్ హాలు వైద్యం జరిగే చోటు కాదు. ఈఎండీఆర్ సంగతే చూడండి. చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే పద్ధతిగా దీని పేరు మీరు వినే ఉంటారు. ఈఎండీఆర్ ఇంటర్నేషనల్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం బేసిక్ ట్రైనింగ్‌లో 20 గంటల పాఠాలు, 20 గంటల సాధన, 10 గంటల కన్సల్టేషన్ (తమ కేసుల గురించి అనుభవజ్ఞులతో చర్చ) ఉంటాయి. సాధనలో అభ్యర్థులు ఒకరి మీద ఒకరు, తమ నిజమైన జ్ఞాపకాలతోనే పనిచేస్తారు. ‘బాధను 0 నుంచి 10 దాకా కొలిస్తే మూడో నాలుగో ఉండే చిన్న విషయం ఎంచుకోండి’ అని ముందే చెబుతారు.

కెరీర్ సలహాల్లోకి రాకముందు నేను థెరపీయే చేసేవాణ్ని. నా మొదటి ట్రైనింగ్‌లో ఈ మాట పెడచెవిన పెట్టి తొమ్మిది ఉన్న జ్ఞాపకాన్ని ఎత్తుకున్నాను. మీకున్న ఆశే నాకూ ఉండేది. రెండు నిమిషాల్లో నా చేతులు వణకడం మొదలైంది. ఎదురుగా ఉన్న తోటి అభ్యర్థి నాకంటే ఎక్కువ భయపడ్డారు. ట్రైనర్ వచ్చి ఆపి, నన్ను కాసేపు నడిపించి, ‘ఇది మీ థెరపిస్టు దగ్గర చేయాల్సిన పని. మీకు థెరపిస్టు ఉన్నారా?’ అని అడిగారు. లేరు. అప్పటిదాకా ఆ అవసరమే తట్టలేదు నాకు.

ఆ హాల్లో మీ ఎదుట కూర్చునేవారు కూడా నేర్చుకుంటున్నవారే. మర్నాడు మీకు నిద్ర పట్టకపోతే చూసుకునే బాధ్యత వారిది కాదు. ట్రైనర్ మీ పనికి మార్కులు వేసే మనిషి, ఆయనే మీ థెరపిస్టు కాకూడదు. కాబట్టి మీ విషయంలో వరుస ఇది: ముందు మీకోసం ఒక థెరపిస్టు, ఆ తర్వాతే ట్రైనింగ్. గాయం పూర్తిగా మానేదాకా ఆగమని అనడం లేదు. అలా ఆగితే ఎవరూ ఈ పనిలోకి రాలేరు. నేను చూడమనేది వేరే. క్లయింటు చెప్పేది మీ కథలా ఉన్నప్పుడు మీరేం చేస్తున్నారు? అవసరం లేకపోయినా ఇంకా ఇంకా అడుగుతున్నారా? లేక మెల్లగా మాట మారుస్తున్నారా? ఈ రెంటిలో ఏది జరుగుతున్నా ఆ సెషన్‌ను నడిపిస్తున్నది మీ గాయమే. అది జరిగిన క్షణంలోనే మీకు తెలిసిపోతుంటే ట్రైనింగ్‌కు సిద్ధంగా ఉన్నట్టు లెక్క.

ఇక ‘మనిషినే మారిపోయాను’ అన్న మాట. వర్క్‌షాప్ అయిన మర్నాడు అంటే నేను పెద్దగా పట్టించుకోను. ఏడాది తర్వాత కూడా అంటే కూర్చోబెట్టి, ఏం మారిందో చెప్పమంటాను.

నేను చూసినంతలో మొదట మారేది వేగం. ట్రామా థెరపీ అంటే జరిగిందంతా చెప్పించి, ఏడిపించి, గుండె బరువు దింపేయడమని బయట చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఈ రంగమూ కొంతవరకు అలాగే అనుకుంది. ప్రమాదమో విపత్తో జరిగిన వెంటనే బాధితులందరి చేతా ఒకే సెషన్‌లో అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి ఉండేది. పరిశోధనల్లో తేలిందేమిటంటే, అది పీటీఎస్‌డీని, అంటే భయానక అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్యను, ఆపలేదు సరికదా, కొన్ని అధ్యయనాల్లో కొందరికి బాధ ఇంకా పెరిగింది. ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. ముందు భద్రత, కుదురు, తర్వాతే జ్ఞాపకం, ఆపైన మళ్లీ మామూలు జీవితంతో కలవడం అనే మూడు దశల క్రమాన్ని అమెరికన్ సైకియాట్రిస్టు జుడిత్ హర్మన్ 1992లో స్పష్టంగా చెప్పారు. 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త పియర్ జానే దాదాపు ఇదే చెప్పాడు. మంచి ట్రైనింగ్‌లో మొదట చెప్పించడం నేర్పరు, ఆపడం నేర్పుతారు. ‘ఇవాళ్టికి ఇక్కడ ఆగుదాం, ఇప్పుడు మీ పాదాలు నేలకు ఆనాయా చూసుకోండి’ అనగలగడం. మీకు ఆ రోజు కాళ్లూ చేతులూ ఆడలేదన్నారే, దానికి మందు ఇదే.

తర్వాత మారేది చూపు. సైకియాట్రిస్టు డాన్ సీగెల్ 1999లో ‘విండో ఆఫ్ టాలరెన్స్’ అనే మాట వాడారు. మనిషి తట్టుకోగలిగే ఒక హద్దు ఉంటుంది. దానికి పైకి వెళితే గుండె దడ, కోపం, కంగారు. కిందికి జారితే మొద్దుబారడం, మాట పెగలకపోవడం, నిద్ర ముంచుకురావడం. ఇది తెలిశాక పాత ఫైళ్లు తీసి చదువుకుంటే సిగ్గేస్తుంది. ఒకమ్మాయి గురించి నేను ‘సహకరించడం లేదు’ అని మూడుసార్లు రాసి ఉన్నాను. గదిలోకి వచ్చి తలుపు వేయగానే ఆమె మాట ఆగిపోయేది. ట్రైనింగ్ తర్వాత ఒక రోజు ఆ గదిలో ఒక్కణ్నే కూర్చుంటే అర్థమైంది, నా కుర్చీ ఆమెకూ తలుపుకూ మధ్యలో ఉండేది. అప్పటి నుంచి తలుపు వైపు కుర్చీ క్లయింటుది. నా వృత్తిలో నేను చేసిన పెద్ద మార్పు ఏదంటే కుర్చీ జరపడమే అంటాను.

అయితే ఇవి కూడా ట్రైనింగ్ హాల్లో పూర్తిగా రావు. తర్వాత ఏడాది రెండేళ్లు సాగే సూపర్‌విజన్‌లో, అంటే సీనియర్ ఒకరు మన కేసులు విని దిద్దే పనిలో, వస్తాయి. ఒకసారి నా సెషన్ రికార్డింగ్ విని, వివరాలు అడిగి, మా సూపర్‌వైజర్ ఒకే ప్రశ్న వేశారు. ‘ఆయన ఏడవడం మొదలుపెట్టగానే మీరు మంచినీళ్లు ఎందుకు అందించారు?’ మర్యాద కదండీ అన్నాను. ‘ఆయన అడిగారా?’ అడగలేదు. గ్లాసు అందుకోవడంతో ఆయన ఏడుపు ఆగింది, ‘సారీ సార్’ అని కళ్లు తుడుచుకుని వేరే విషయంలోకి వెళ్లిపోయారు. ఏడుపును భరించలేనిది నేను, నీళ్లు తాగింది ఆయన! మా ఇంట్లో మగవాళ్లు ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్లు చేసే పనే నేనూ చేశాను. అది తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, ఇంకొకరి ఏడుపు పక్కన ఊరికే కూర్చోవడానికి ఏడాది పైనే పట్టింది. వ్యక్తిగత ఎదుగుదల, వృత్తిలో ఎదుగుదల అని మనం రెండుగా చెప్పుకుంటాం గానీ ఈ పనిలో ఆ రెండూ ఒకే గ్లాసు నీళ్ల దగ్గర తేలిపోతాయి.

అమ్మ భయం సంగతి. ఆమెది వట్టి భయం కాదు. మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1990లోనే దీన్ని గుర్తించి ‘వికేరియస్ ట్రామా’ అని పేరు పెట్టారు. ఇతరుల గాయాలు వినీ వినీ థెరపిస్టుకే లోకం మీద నమ్మకం సడలుతుంది, ఎవరినీ నమ్మబుద్ధి కాదు, పిల్లల్ని బయటికి పంపాలంటే టెన్షన్. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5లో (2013) వృత్తిరీత్యా భయానక వివరాలకు పదే పదే గురికావడం కూడా పీటీఎస్‌డీకి దారితీయగల కారణాల్లో చేరింది. కాబట్టి అమ్మతో ‘ఏం కాదులే’ అనకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొలంబియా రాజధాని బొగోటాలో రాజకీయ హింస బాధితులతో పనిచేసే థెరపిస్టులతో మాట్లాడి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్లయింట్లు కోలుకోవడం దగ్గరుండి చూసిన థెరపిస్టులు తమ కష్టాలను చూసే తీరు కూడా మారింది. దాన్ని ‘వికేరియస్ రెసిలియెన్స్’ అన్నారు, అంటే వాళ్ల తేరుకునే శక్తి వీళ్లకూ అంటడం. బరువూ బలమూ రెండూ ఒకే మనిషిలో, ఒక్కోసారి ఒకే వారంలో వస్తాయి. ఏది ఎక్కువ మిగులుతుందన్నది మీ మనోబలం మీద కంటే మీరు పనిచేసే చోటు మీద ఎక్కువ ఆధారపడుతుంది. రోజుకు ఎన్ని ట్రామా కేసులు, మధ్యలో విరామం ఉందా, మాట్లాడుకునే మనిషి ఉన్నారా అన్నవే అమ్మకు చెప్పాల్సిన జవాబులు.

మధ్యలో ఒక దశ వస్తుంది, ముందే చెబుతున్నాను. ట్రైనింగ్ అయిన కొత్తలో కనపడ్డ ప్రతిదీ ట్రామాలాగే తోస్తుంది. ఇంట్లో ఎవరైనా కసురుకుంటే ‘మీ నర్వస్ సిస్టమ్ యాక్టివేట్ అయింది’ అంటాం. కొన్నిసార్లు కసురుకోవడం కసురుకోవడమే. ఆ దశ ఆర్నెల్లలో పోతుంది, ఈలోగా ఇంట్లోవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

ఏ కోర్సు అన్నదానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి సూచించిన చికిత్సల్లో ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే థెరపీ), ఈఎండీఆర్ ఉన్నాయి. మొదటి కోవలో పెట్రీషియా రెసిక్ రూపొందించిన సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) ఉంది, మామూలుగా 12 సెషన్లు. ‘నా తప్పు వల్లే జరిగింది’ లాంటి ఇరుక్కుపోయిన ఆలోచనల మీద పనిచేస్తుంది. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటారు. పిల్లలు, టీనేజర్లతో పనిచేసేటట్టయితే టీఎఫ్-సీబీటీ (ట్రామా ఫోకస్డ్ సీబీటీ), ఇందులో వాళ్లను సాకే పెద్దవాళ్లు కూడా పాల్గొంటారు. పీటర్ లెవిన్ సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ ట్రైనింగ్ మూడేళ్ల దాకా సాగుతుంది. శరీరాన్ని గమనించడం బాగా నేర్పుతుంది గానీ పరిశోధన బలం పై వాటికున్నంత లేదు. రెండేళ్ల అనుభవానికి నేను సీపీటీ వైపు మొగ్గుతాను, క్రమం స్పష్టంగా ఉంటుంది కనుక. ఏది తీసుకున్నా ఏడాది పాటు దాన్నే పట్టుకోండి. గోడ నిండా సర్టిఫికెట్లు ఉండి ఏ పద్ధతీ సగానికి మించి రానివాళ్లను చాలామందిని చూశాను.

చేరేముందు రెండు సంగతులు అడగండి. కోర్సు అయ్యాక నా కేసులు ఎవరు, ఎన్ని గంటలు చూస్తారు? చిన్ననాటి నుంచి ఏళ్ల తరబడి సాగిన హింస గురించి, అలాంటి క్లయింటు సెషన్ మధ్యలో తన ధ్యాసలో తాను లేకుండా పోతే ఏం చేయాలో నేర్పుతారా? 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా) కాంప్లెక్స్ పీటీఎస్‌డీని, అంటే దీర్ఘకాలం సాగిన హింస వల్ల వచ్చే రకాన్ని, విడిగా గుర్తించింది. మీ దగ్గరికి వచ్చిన కథలు అటువైపువే కావచ్చు. వారాంతంలో స్పెషలిస్టును చేస్తామనే చోట్లకు వెళ్లకండి.

కెరీర్ ఎదుగుదల ఉంటుంది, అయితే దానికో మెలిక. ట్రైనింగ్ పూర్తవగానే మీ సంస్థలోని కష్టమైన కేసులన్నీ మీ టేబుల్ మీదికే వస్తాయి, ‘ఆమె నేర్చుకుంది కదా’ అని. కాబట్టి కోర్సుకు డబ్బు కట్టకముందే మీ పైవాళ్లతో మాట్లాడండి. ట్రామా కేసులకు హద్దు, సూపర్‌విజన్‌కు పని వేళల్లోనే సమయం, ఈ రెండూ అడగండి. రెండూ కుదరదంటే ట్రైనింగ్ కంటే ముందు ఉద్యోగం మారే ఆలోచన చేయండి. ట్రైనింగ్ తీసుకున్నాక ‘ఇది నా పని కాదు’ అని తేల్చుకుని వేరే వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన మంచి కౌన్సెలర్లలో ఇద్దరు అలాంటివాళ్లే.

ఇక ఆ ఇద్దరు ముగ్గురు క్లయింట్లు మీ ట్రైనింగ్ అయ్యేదాకా ఆగలేరు. వచ్చే సెషన్‌లో జరిగినదాన్ని తవ్వకండి. ఆ హింస ఇప్పటికీ కొనసాగుతోందా అన్నది ముందు తెలుసుకోండి. కొనసాగుతున్నా, క్లయింటు మైనరైనా, చట్టప్రకారం తెలియజేయాల్సిన వారికి తెలియజేయాలి. లేదంటే నిద్ర, తిండి, ఇంట్లో నమ్మదగిన మనిషి ఒకరు, ఇంతవరకు చూడండి. ఇప్పటికే ట్రైనింగ్ ఉన్న సీనియర్ ఒకరిని ఈ వారమే వెతకండి, కేసు అప్పగించడానికైనా, పక్కన ఉండి నడిపించడానికైనా. వాళ్లతో మాట్లాడేటప్పుడు మీకోసం ఒక థెరపిస్టు పేరు కూడా అడిగి ఉంచుకోండి.