మా మావయ్యని "ఏ బోటు?" అని అడిగింది ఒక్కడే

"మా పెదనాన్నగారు సబ్‌మెరైన్‌లో పదిహేనేళ్ళు చేశారు. ఎంత అడిగినా ఏమీ చెప్పరు. వాళ్ళంతా ఇంతేనా?" అని కదా మీ ప్రశ్న.

మా మావయ్యా అంతే. అమ్మకి ఆఖరి తమ్ముడు. 1970ల చివర్లో నేవీలో చేరి, విశాఖలోనే సాతవాహన అనే సబ్‌మెరైన్ శిక్షణ కేంద్రంలో ట్రైనింగ్ అయ్యాక వేలా అనే సబ్‌మెరైన్ మీద ఇంజన్ల దగ్గర పనిచేశాడు. కిందటేడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయాడు. వాళ్ళు చెప్పకపోవడం కాదండీ, మనకి అడగడం రాదు. ఇందులో నాకేం అనుమానం లేదు.

మనం ఏం అడుగుతాం? పెళ్ళిళ్ళకి వెళ్తే ఎవరో ఒకరు "ఘాజీని ముంచింది మీరేనా?" అనేవారు. ఘాజీ అంటే పాకిస్తాన్ సబ్‌మెరైన్, మన విశాఖ దగ్గర అది మునిగింది 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకి. అప్పటికి మావయ్య ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆ మాట వినగానే ముఖం మారిపోయేది. ఒకసారి నాతో మాత్రం అన్నాడు: "అందులో తొంభై మందికి పైగా ఉన్నారమ్మలూ. శత్రువులే, కాదనను. కానీ లోపల నీళ్ళొస్తే ఎలా ఉంటుందో మిగతావాళ్ళు ఊహించుకోవాలి. మాకు ఊహించుకోవక్కర్లేదు, ఆ తలుపులు మేం రోజూ వేసి తీసేవాళ్ళం." ఆ తర్వాత నేనెప్పుడూ ఘాజీ ఊసెత్తలేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మావయ్యతో ఆర్కే బీచ్‌లో కురుసుర చూడ్డానికి వెళ్ళాను. 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరి, 31 ఏళ్ళు నడిచి, 2002లో మ్యూజియం అయి ఒడ్డున కూర్చున్న సబ్‌మెరైన్ అది. వేలా కూడా దాదాపు ఆ అచ్చులో పోసిందే. మావయ్య అందరితో పాటు టికెట్ తీసుకున్నాడు. తాను నేవీ అని ఎవరికీ చెప్పలేదు.

లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత లాంటి తలుపు ఉంటుంది. మనమందరం తల ముందు దూర్చి, వీపు గీసుకుంటూ దాటతాం. మావయ్యకి అప్పటికి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పైన ఉన్న కడ్డీ పట్టుకుని, రెండు కాళ్ళూ ముందుకి విసిరి, ఒక్క ఊపులో అవతల నిలబడ్డాడు. చెయ్యి ఆ కడ్డీని వెతుక్కోలేదు, దానంతటదే వెళ్ళింది.

గైడ్ కూడా రిటైరైన నేవీ మనిషే. చెప్తున్నది చెప్తూ ఆగిపోయి, "ఏ బోటు సార్?" అన్నాడు. వాళ్ళు షిప్ అనరు, బోటు అంటారు.

"వేలా," అన్నాడు మావయ్య.

ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఇంకేం మాట్లాడుకోలేదు. వెనకాల జనం ఫొటోల కోసం తోసుకుంటున్నారు. 91 మీటర్ల పొడవున్న గొట్టంలో డెబ్భై మందికి పైగా వారాల తరబడి బతికిన చోటు అది, పది నిమిషాల్లో చూసేసి ఐస్‌క్రీముకి పరిగెత్తుతారు. నాకు ఇప్పటికీ కోపమే.

ఐదో గది ఇంజన్ రూము. మూడు డీజిల్ ఇంజన్లు, మధ్యలో సన్నటి దారి. మావయ్య ఓ ఇంజన్ మీద చెయ్యి వేసి, "ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూళ్ళేదే" అన్నాడు. అక్కడే నిలబడి ఓ అరగంట చెప్పాడు. బ్యాటరీలు ఛార్జి కావాలంటే ఇంజన్లు నడవాలి, ఇంజన్లకి గాలి కావాలి. నీళ్ళ కింద నుంచే ఓ గొట్టం పైకి పెట్టి గాలి లాగేవారట. పెద్ద అల వచ్చి గొట్టం మీద పడితే దాని మూత పడిపోతుంది. ఇంజన్లు ఆగవు కదా, లోపలున్న గాలినే లాగేస్తాయి. "చెవులు టప్పుమనేవమ్మా. నిద్రలో ఉన్నోడు కూడా లేచి కూర్చునేవాడు." ఆ రొదలో మాటలు వినపడక చేతి సైగలే. కుడి చెవి అక్కడే పోయింది. మేమేమో అన్నాళ్ళూ మావయ్యకి పరధ్యానం అనుకున్నాం.

ఇంటికొచ్చాక ఎన్నో విషయాలు అర్థమయ్యాయి. సగం బకెట్టుతో స్నానం ఎందుకో, కొళాయి కారుతుంటే అర్ధరాత్రి లేచి ఎందుకు కట్టేవాడో. ఒకడు లేచిన మంచం వెచ్చదనం పోకముందే ఇంకొకడు పడుకునే చోట ఉన్న మనిషి కాబట్టే, మా ఇంటికి ఎంతమంది చుట్టాలొచ్చినా తనే ముందు చాప పరుచుకునేవాడు. అమ్మమ్మ అయితే వాడి బట్టలు ఎన్ని ఉతికినా డీజిల్ వాసన పోయేది కాదని చెప్పేది.

ఇంకో మాట. డిసెంబరు 4 నేవీ డే అని అందరికీ తెలుసు. డిసెంబరు 8 ఎవరికి తెలుసు? 1967లో ఆ రోజే మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి నేవీలో చేరింది, వీళ్ళకి అదే పండగ. ఏటా ఆ రోజు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊరికే బీచ్ దాకా నడిచి వచ్చేవాడు. ఎందుకో మేమెవరం అడగలేదు. పోయాక పెట్టెలో, ఉతికిన చేతి రుమాల్లో చుట్టి, సబ్‌మెరైన్ వాళ్ళు పెట్టుకునే డాల్ఫిన్ బ్యాడ్జి దొరికింది. పేపర్లో వేయించిన ప్రకటనలో మావాళ్ళు "రిటైర్డ్ నేవీ ఉద్యోగి" అని రాయించారు. సబ్‌మెరైన్ అన్న ముక్క చేర్చమని నేను పట్టుబట్టాల్సింది.

మీ పెదనాన్నగారిని యుద్ధం గురించి అడగకండి. ఏ బోటు, ఏ గదిలో పని అని అడగండి. వీలైతే కురుసురకి తీసుకెళ్ళండి. ఆ గుండ్రటి తలుపు దగ్గర ఆయన్ని ముందు వెళ్ళనిచ్చి, మీరు వెనకాల ఉండండి.