సంచులు మీరే కొంటూ పోవద్దు

ఉద్యోగం పోయిన పక్కింటి కుటుంబానికి సాయంగా, ఆ ఇంటావిడ అల్లే క్రోషే (కొక్కెం సూదితో చేసే దారం అల్లిక) సంచుల్ని నెలనెలా నేనే కొంటున్నానని, ఇలా ఎంతకాలమని మీరు అడిగారు. మీ టెన్షన్ అర్థమైంది. జాలితో కొనేవాళ్లు ఎల్లకాలం కొనరు. అందుకే మీరు కొనడం తగ్గించి, పరిచయం లేనివాళ్లకు చూపించండి. వాళ్లు ఏ రంగు, ఏ సైజు ఎంచుకుంటున్నారో ఆవిడే దగ్గరుండి చూడాలి.

అసలు చిక్కు ధర దగ్గరే. చాలామంది దారం ఖర్చు ఒక్కటే లెక్కేస్తారు. ఒక్కో సంచికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోమనండి. దారం, గంటల కూలి, రవాణా, పాడైనవాటి నష్టం అన్నీ కలిపితేనే ధర. ఆ ధరకు ఎవరూ కొనకపోతే కూలి తగ్గించుకోవద్దు, వస్తువు మార్చాలి. క్రోషే చేత్తోనే అల్లాలి, వేగం ఒక హద్దు దాటదు. గంటలో అయిపోయే చిన్న వస్తువులు ప్రయత్నించమనండి.

దారానికి డబ్బు ఒక్కసారే, అప్పుగా ఇవ్వండి. అమ్మకాల్లోంచి కొంచెం కొంచెంగా తిరిగి తీసుకోండి, మొహమాటపడకండి. ఇల్లు గడవడానికి చేసే సాయాన్ని మాత్రం దీనితో కలపొద్దు, అది వేరు. కొనేవాళ్ల నంబర్లు, లెక్కల పుస్తకం ఆవిడ దగ్గరే ఉండాలి. మీరు ఎప్పుడు తప్పుకుంటారో ఇప్పుడే చెప్పేయండి.

ఇంతకీ ఈ పని ఆవిడకు ఇష్టమేనా? ముందు అది అడగండి.