బర్రె అరుపుకు ఇంగ్లిష్‌లో ఏం రాయాలి? – సమాధానం

అక్కా, పాప వర్క్‌షీట్‌లో ఆవుకు రాశారు గానీ, మీ నర్సంపేట ఇంటి ముందు కట్టేసిన బర్రెకు ఏం రాయాలో తెలియట్లేదన్నారు. టెన్షన్ వద్దు, ‘గ్రంట్’ అని రాయించండి. రంకె వేసే ఎద్దుకు ‘బెల్లో’. గొర్రెకు, మేకకు రెండింటికీ ‘బ్లీట్’. గాడిదకు ‘బ్రే’.

అసలు తిరకాసంతా కోళ్ల దగ్గరే. పిల్లల్ని వెంటేసుకుని గింజలు ఏరే పెట్ట చేసేది ‘క్లక్’. అదే పెట్ట గుడ్డు పెట్టి, గంప దిగి, వాడంతా వినబడేలా అరిస్తే ‘క్యాకిల్’. కోడిపిల్లలది ‘చీప్’. పుంజు కూతకు ‘క్రో’ అంటారు, కాకి పేరూ అదే! పాప తికమక పడితే కాకి అరుపు ‘కా’ అని చెప్పండి, మన కావుకావుకు దగ్గరే.

వాక్యంలో రాసేటప్పుడు ఒక్క జంతువైతే ఆ మాట చివర ఎస్ చేర్చాలి. టీచర్లు మార్కు కోసేది అక్కడే.