ఫోజులన్నీ అయిపోయేదాకా ఆగు

అమ్మలూ,

ప్రదర్శన కోసం పన్నెండు మంది కళాకారుల ఫొటోలు నువ్వే తీస్తున్నావని తెలిసి భలే సంతోషమేసింది. ఏ లెన్సు కొనమంటావు బాబాయ్ అని అడిగావు. ఏదీ కొనకు. నీ దగ్గరున్న 85 ఎంఎం చాలు. 50 ఎంఎంతో కూడా కానిచ్చేయొచ్చు, కాకపోతే ముఖం నిండుగా రావాలని మరీ మీదకి వెళ్తే ముక్కు పెద్దదై కూర్చుంటుంది. ఐదారు అడుగుల దూరంలో ఉండు. లెన్సు సంగతి ఇంతే, అసలు చిక్కు వేరే ఉంది.

మామూలు మనుషులు కెమెరా చూడగానే బిగుసుకుపోతారు. కళాకారులు బిగుసుకోరు, అదే కష్టం. నువ్వు కెమెరా ఎత్తేలోపే వాళ్ల ముఖం తయారైపోతుంది. ఏ వైపు తిరగాలో, గడ్డం ఎంత ఎత్తాలో, నవ్వు ఎక్కడ ఆపాలో వాళ్లకి నీకంటే బాగా తెలుసు. ఆ ఫొటో బాగానే వస్తుంది కూడా. కానీ ఇంతకుముందు వందమందికి ఇచ్చిన ఫొటోనే నీకూ ఇచ్చి పంపిస్తారు. మొదటి పావుగంట అవే తీసుకో, వద్దనకు, పోస్టర్లకి పనికొస్తాయి. ఆ ఫోజులన్నీ అయిపోయాక కెమెరా కిందకి దించి ఊరికే మాట్లాడుతూ ఉండు. బ్యాగులో మాత్రం పెట్టెయ్యకు.

1957లో హాలీవుడ్ తార మార్లిన్ మన్రో ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ స్టూడియోకి వచ్చింది. గంటల తరబడి ఆడింది, పాడింది, కవ్వించింది. జనానికి తెలిసిన మన్రో మొత్తం అక్కడ కనబడింది. అంతా అయిపోయి ఓ మూల చిన్నపిల్లలా కూర్చుండిపోయినప్పుడు అవెడాన్ కెమెరా తీసుకుని దగ్గరికి వెళ్లాడు. ఆ ఫొటోలో మెరుపుల గౌను అలాగే ఉంది, మనిషి చూపే ఎక్కడో ఉంది. ఆవిడకి తెలియకుండా తీసేవాణ్ణి కాదనీ, తను వస్తుంటే ఆవిడ వద్దనలేదనీ తర్వాత చెప్పాడాయన. నువ్వూ అంతే. అలసిన ముఖం దొరికింది కదా అని దొంగచాటుగా తీయకు. బయట పెట్టేముందు వాళ్లకి చూపించు. వద్దంటే పక్కన పెట్టెయ్, వాదన పెట్టుకోకు. నేను వాదించి ఒక స్నేహం పోగొట్టుకున్నాను, ఆ ఫొటో ఇప్పుడు చూస్తే అంత గొప్పగానూ లేదు.

ముఖం గురించే ఇంత చెప్పాను గానీ, ముఖమే కనబడాలని రూలేమీ లేదు. 1954లో యూసుఫ్ కార్ష్ అనే ఫొటోగ్రాఫర్ ఫ్రాన్స్‌లోని ప్రాడ్ దగ్గర ఒక పాత మఠంలో చెల్లో (వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యం) విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ని వీపు వైపు నుంచి తీశాడు. ఆయన వాయిస్తుంటే వింటూ కార్ష్ కాసేపు ఫొటో సంగతే మర్చిపోయాడట. ఖాళీ రాతి గోడలు, పైన ఒక చిన్న కిటికీ, కింద వాద్యం మీదకి ఒరిగిన ఒక మనిషి. ఇంకేం లేదు అందులో. నేనైతే ఆ రోజుల్లో కుర్చీ ఇటు తిప్పమని అడిగేసి ఉండేవాణ్ణి.

వాయించేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు వాద్యం ఊరికే పట్టుకోమని మాత్రం అనకు. నిజంగా వాయించమను. ఊరికే పట్టుకున్న చేతికీ, స్వరం పలికిస్తున్న చేతికీ తేడా చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా వాయిస్తున్నప్పుడు వేళ్ల కణుపులు తెల్లబడతాయి, మెడ నరం కదులుతుంది, కింది పెదవి లోపలికి పోతుంది. వయొలిన్‌ని గడ్డం కింద నొక్కిపట్టి వాయించేవాళ్లకి ఎడమ దవడ కింద ఓ ముదురు మచ్చ పడుతుంది, ఏళ్ల తరబడి చెక్క ఒరుసుకుని. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాస్తాయి. ఎడిటింగ్‌లో మొటిమ ఉంటే తుడుచుకో, వీటి జోలికి వెళ్లకు. దగ్గరగా తీయదగ్గవి అవే.

నా తప్పు ఒకటి చెప్తాను, నవ్వుకో. కొత్తలో ఒక పెద్ద వయొలిన్ విద్వాంసుడి ఫొటో అచ్చుకిచ్చాను. పేజీలో ఆయన చూపు బయటికి పోతోందని ఫొటోని అద్దంలోలా తిప్పేశాను. పేజీకి చక్కగా అతికింది. ఆయన చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, ఎడమచేత్తో కమాను పట్టుకుని రెండు గీతలు గీసి, "నాకిలా రాదు బాబూ" అన్నాడు. అప్పటినుంచి ఫొటో తిప్పడం మానేశాను.

నాట్యం చేసేవాళ్ల విషయంలో నీ కన్నుని నమ్ముకోకు. నీకు అద్భుతంగా అనిపించిన ఫొటోని పాదం సరిగా లేదని వాళ్లు పక్కన పడేస్తారు. వాళ్ల మాటే ఖాయం. 1940లో అమెరికన్ నర్తకి మార్తా గ్రాహమ్ నడుం వంచి, కాలితో పాటు పావడా గాలిలోకి విసిరిన ఫొటో ఉంది కదా, ఫొటోగ్రాఫర్ బార్బరా మోర్గన్ తీసింది. అది స్టేజీ మీద అదృష్టం కొద్దీ దొరికింది కాదు. నాట్యం ముందు బాగా చూసి, అందులో ఏ క్షణం కావాలో ఎంచుకుని, దాన్ని కెమెరా కోసం విడిగా చేయించుకుంది. నువ్వూ కనీసం రెండు రిహార్సల్స్‌కి వెళ్లు, కెమెరా లేకుండా. ఎగిరినప్పుడు ఒళ్లు అన్నిటికంటే పైకెళ్లిన చోట ఓ లిప్తపాటు ఆగినట్టుంటుంది. అది ఎప్పుడొస్తుందో తాళమే చెప్తుంది. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతుకి పెట్టి చెవితో నొక్కు. కంటితో చూసి నొక్కితే ఎప్పుడూ ఆలస్యమే.

స్టేజీ మీద తీయాల్సొస్తే రెండు జాగ్రత్తలు. వెనక చీకటిని చూసి కెమెరా మోసపోతుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించుకో. చప్పుడు చేయని సైలెంట్ షట్టర్ వాడితే ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో చారలు రావచ్చు, ముందే నాలుగు తీసి చూసుకో. నాకు స్టేజీ ఫొటోల కంటే గ్రీన్‌రూమ్ ఫొటోలే ఇష్టం. సగం మేకప్ వేసుకున్న ముఖం, కిటికీ వెలుతురు, అంతకంటే ఏం కావాలి? ఫ్లాష్ వాడకు.

ఇంకో మాట. ఫొటో కింద పేరు వాళ్లు ఎలా రాసుకుంటారో అలాగే రాయి. పక్క వాద్యం వాయించేవాళ్లని ఫ్రేములోంచి కోసెయ్యకు, వాళ్ల పేర్లూ వెయ్యి. మంచి ప్రింటు ఒకటి తీసి నువ్వే వెళ్లి చేతికివ్వు. చాలామంది కళాకారుల ఇళ్లలో తమని తీసిన ఫొటోలు ఉండవు. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ కనబడరు.

వచ్చే ఆదివారం మొదటి షూట్ అన్నావు. అయ్యాక నువ్వు ఏరినవి పంపకు. మొదటి నుంచి చివరిదాకా, మసగ్గా వచ్చినవి, కళ్లు మూసుకున్నవి, అన్నీ వరసలో పంపు. ఫోజు ఎక్కడ అయిపోయిందో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి