రాజీనామా చేసే ముందు జీతం లేని సెలవు అడగండి

ప్రశ్న: మా అమ్మాయి రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలో రెండున్నరేళ్లుగా పనిచేస్తోంది. ఈసారి సివిల్స్ ప్రిలిమ్స్ గట్టెక్కింది. మెయిన్స్‌కు 11 వారాలే ఉంది. ఉద్యోగం మానేస్తానంటోంది. మానకుండా జీతం లేని సెలవు పెట్టుకోమని మేమంటున్నాం. కంపెనీ ఇస్తుందా? ఎలా అడగాలి? – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ముందు మీ అమ్మాయి అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో చూడండి. ఐటీ కంపెనీల్లో 60 లేదా 90 రోజులు మామూలు. 90 రోజులైతే ఇవాళ రాజీనామా చేసినా ఆమె బయటపడేది మెయిన్స్ అయిపోయాకే, ఎందుకంటే 11 వారాలంటే 77 రోజులే. ముందే వెళ్లాలంటే మిగిలిన రోజులకు కంపెనీకి డబ్బు కట్టాలి, దానికీ వాళ్లు ఒప్పుకోవాలి. నోటీసులో ఉండగా సెలవు పెడితే చాలాచోట్ల అన్ని రోజులు నోటీసు పొడిగిస్తారు. కాబట్టి చదువుకోవడానికి సమయం కావాలనుకుంటే రాజీనామా కంటే సెలవే దగ్గరి దారి. మీ మాటే సరైనదండీ.

అయితే ఇది హక్కు కాదు. తెలంగాణలో అమలవుతున్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి మరుసటి ఏడాది 15 రోజుల వేతన సెలవు వస్తుంది, దాన్ని 60 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. జీతం లేకుండా రెండు నెలలు ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. అది మేనేజర్, హెచ్ఆర్ కలిసి తీసుకునే నిర్ణయం. హెచ్ఆర్ పోర్టల్లో లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు), సబ్బాటికల్ (ఉద్యోగం మానకుండా తీసుకునే సుదీర్ఘ విరామం) పాలసీలు రెండూ చదవమనండి. సబ్బాటికల్‌కు ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు ఉంటుంది. అది కుదరకపోయినా లాస్ ఆఫ్ పే కుదరవచ్చు.

ముందు అడగాల్సింది మేనేజర్‌ని, అదీ నోటితో, ఒంటరిగా కూర్చున్నప్పుడు. ఆయనకు తెలియకుండా పోర్టల్లో 60 రోజులకు దరఖాస్తు పెడితే ఒక్క క్లిక్‌తో తిరస్కరిస్తారు. ఆయన బాధ ఏమిటో మీ అమ్మాయికి అర్థం కావాలి. ఆమె సెలవులో ఉన్నన్నాళ్లూ క్లయింట్‌కు బిల్లు వెయ్యలేరు, ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టాలి. అందుకని ఉత్త చేతులతో వెళ్లకూడదు. ఏ పని ఎవరికి ఎప్పటిలోగా అప్పజెబుతుందో, ఏ రిలీజ్ దాటాక వెళ్తుందో, ఏ తేదీన తిరిగి చేరుతుందో ఒక పేజీలో రాసి చూపించాలి. 11 వారాలూ అడగక్కర్లేదు. మొదటి రెండు మూడు వారాలు హ్యాండోవర్‌కు ఇచ్చి, మిగిలిన ఎనిమిది అడిగితే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. ఆ మూడు వారాలు ఇంటి నుంచి పని అడిగితే ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో పోయే సమయమైనా మిగులుతుంది.

కారణం దాచొద్దు. అమ్మకు ఆపరేషన్ అనో, పెళ్లి అనో చెప్పమని స్నేహితులు సలహా ఇస్తారు. ఆ అబద్ధం బయటపడితే క్రమశిక్షణ చర్యకు చేతులారా అవకాశం ఇచ్చినట్టే. పైగా నిజమే ఆమెకు బలం. మేనేజర్ భయమల్లా ‘ఎలాగూ వెళ్లిపోయే మనిషే కదా’ అని. 2024 పరీక్ష క్రమం చూడండి: సెప్టెంబర్‌లో మెయిన్స్, డిసెంబర్‌లో ఫలితం, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంటర్వ్యూలు, 2025 ఏప్రిల్ 22న తుది ఫలితం. ఎంపికైనా శిక్షణకు వెళ్లేది ఆ తర్వాతే. అంటే ర్యాంకు వచ్చినా మెయిన్స్ తర్వాత నెలల తరబడి ఆమె కంపెనీలోనే ఉంటుంది. ఇదే మాట మేనేజర్‌తో చెప్పమనండి.

నోటిమాటగా ‘సరే’ అన్నారని ఆగిపోతే చిక్కే. హాజరు పట్టికలో రోజుల తరబడి గైర్హాజరు కనిపిస్తే హెచ్ఆర్ నుంచి అబ్‌స్కాండింగ్ (చెప్పకుండా పని మానేశారన్న) నోటీసు వస్తుంది, అది రేపు ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ లెటర్‌కు అడ్డం పడుతుంది. మేనేజర్‌తో మాట్లాడిన రోజే ఆయనకూ హెచ్ఆర్‌కూ మెయిల్ పెట్టి, జవాబు మెయిల్లోనే తీసుకోవాలి. దాంట్లో మొదటి రోజు, చివరి రోజు, తిరిగి చేరే తేదీ స్పష్టంగా ఉండాలి. తిరిగొచ్చాక అదే ప్రాజెక్టా, బెంచ్ మీదా (అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగానా), బెంచ్ అయితే ఎన్నాళ్లు అన్నదీ అడగాలి. సర్వీసెస్ కంపెనీల్లో అసలు ప్రమాదం అక్కడే ఉంది. అప్రైజల్‌లో, వేరియబుల్ పేలో (పనితీరును బట్టి ఇచ్చే జీతభాగంలో) ఎంత తగ్గుతుందో కూడా అప్పుడే తెలుసుకోవాలి.

ఇక డబ్బు లెక్క. నెలకు గ్రాస్ 70,000 అనుకుందాం. 30తో భాగిస్తే రోజుకు 2,333 రూపాయలు. ఎనిమిది వారాలంటే శని, ఆదివారాలతో కలిపి 56 రోజులు, కోత సుమారు 1,30,667. కొన్ని కంపెనీలు 22 పనిదినాలతో భాగించి రోజుకు 3,182 కట్ చేస్తాయి. అలాంటప్పుడు 40 పనిదినాలే లెక్కించాలి, కోత సుమారు 1,27,273. తేడా వచ్చేది ఎక్కడంటే, పనిదినాలతో భాగించి వారాంతాలను కూడా సెలవులో కలిపేస్తే. అప్పుడు కోత 1,78,000 దాటుతుంది. పేస్లిప్ చూసి ముందే అడగండి. సెలవు రోజుల మధ్య పడే శని, ఆదివారాలను కూడా సెలవులో కలిపేసే శాండ్‌విచ్ రూల్ ఉందేమో కూడా కనుక్కోండి. పేరోల్ కటాఫ్ సాధారణంగా 20, 25 తేదీల మధ్య ఉంటుంది. ఆ తర్వాతి రోజుల కోత మరుసటి నెల జీతంలో పడుతుంది కాబట్టి తిరిగి చేరిన నెలలోనూ చేతికి తక్కువే వస్తుంది. ఈఎంఐలు ఉంటే మూడు నెలల మొత్తం ఖాతాలో సిద్ధంగా పెట్టుకోవాలి.

మీరు ఆమె కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారా? తల్లిదండ్రుల ప్రీమియం ఆమె జీతంలోంచి కోస్తుంటే, జీతం లేని నెలల్లో అది ఎలా కట్టాలో హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగాలి. పీఎఫ్ విషయంలో భయం వద్దు. జీతం లేని రోజులకు చందా పడదు, ఖాతా మాత్రం అలాగే ఉంటుంది. మంజూరైన సెలవు గ్రాట్యుటీ సర్వీసును తెంపదు కూడా. తిరిగి చేరాక ఒకసారి ఈపీఎఫ్ఓ సైట్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి, పొరపాటున ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం వదిలిన తేదీ) నమోదైందేమో చూసుకుంటే చాలు.

మేనేజర్ కాదంటే అక్కడితో వదిలెయ్యొద్దు. చివరి నాలుగు వారాలే అడగాలి. దాంట్లో మొదటి పది పదిహేను రోజులు మిగిలిన ఎర్న్‌డ్ లీవ్ (వేతన సెలవు), తర్వాతిది లాస్ ఆఫ్ పే. జ్వరం వస్తే వాడుకోవడానికి రెండు మూడు ఎర్న్‌డ్ లీవులు మిగుల్చుకోవాలి. అదీ కాదంటే పైమేనేజర్‌ని కలవొచ్చు, కానీ తన మేనేజర్‌కి చెప్పి వెళ్లాలి.

ఇంకో సంగతి. ప్రిలిమ్స్ పాసైన తెలంగాణ అభ్యర్థులకు సింగరేణి ద్వారా రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం కింద లక్ష రూపాయలు ఇస్తున్నారు. కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, సామాజిక వర్గం వంటి ఇతర షరతులూ ఉన్నాయి. ఆమె జీతం కలిపితే పరిమితి దాటుతుందేమో లెక్కేసుకుని, అర్హత ఉంటే దరఖాస్తు గడువు పోనివ్వకండి. మేనేజర్‌తో మాట మాత్రం ఈ వారంలోనే అయిపోవాలి. ఆలస్యమైన ప్రతి వారం హ్యాండోవర్‌కు ఇవ్వగలిగిన సమయంలోంచే పోతుంది.