జెండా కర్ర దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్లైత్ స్పార్టన్స్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర నలభై పేజీలూ చదివాను. రెండు రోజులు పట్టింది. కొంత నా కళ్ళ వల్ల, కొంత నీ వల్ల. బాగానే రాశావు. కానీ ఆఖరి వాక్యం దగ్గరకొచ్చేసరికి కాగితాలు బల్ల మీద పడేశాను. "ఓడినా కోట్లాది హృదయాలను గెలుచుకున్నారు" అట! ఎవరు లెక్కపెట్టారు నాయనా? 1978 ఫిబ్రవరి 27న న్యూకాజిల్ సెయింట్ జేమ్స్ పార్క్‌లో ఆట చూసింది 42,167 మంది. రెక్స్‌హమ్ 2, బ్లైత్ 1. ఓడిపోయారు. అక్కడ చుక్క పెట్టడానికి నీకు చెయ్యి రాలేదు.

ఓటమిని ఓటమిగా రాయలేనివాడు కథ జోలికి పోకూడదని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. మా ఇంట్లోవాళ్ళకు కూడా విసుగొచ్చింది. అయినా మళ్ళీ చెబుతాను.

అంతకు ముందు మ్యాచ్ సంగతి చూడు. ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే ఎఫ్‌ఏ కప్ ఐదో రౌండు, రెక్స్‌హమ్ ఊళ్ళో. పొద్దున పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకొచ్చే నార్తర్న్ లీగ్ కుర్రాళ్ళు అప్పటికే స్టోక్ సిటీ అనే వృత్తి ఆటగాళ్ళ జట్టుని వాళ్ళ మైదానంలోనే 3-2తో ఓడించి వచ్చారు. ఇక్కడా ఒక గోల్ ముందున్నారు. మ్యాచ్ అయిపోవస్తోంది. ఇది గెలిస్తే క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్. రెక్స్‌హమ్‌కి కార్నర్ వచ్చింది. బ్లైత్ వాళ్ళు దాన్ని కాచుకున్నారు. కానీ నేల గడ్డకట్టి ఉంది, కార్నర్ జెండా కర్ర దిగక పడిపోయింది. జెండా నిలబడి లేదు కాబట్టి కార్నర్ మళ్ళీ తీయాలన్నాడు రిఫరీ. మళ్ళీ తీశారు. డిక్సీ మెక్‌నీల్ గోల్ కొట్టాడు. 1-1. అందుకే న్యూకాజిల్‌లో మళ్ళీ ఆడాల్సి వచ్చింది.

ఇంత పెద్ద సంగతిని నువ్వు "దురదృష్టవశాత్తు చివరి నిమిషంలో స్కోరు సమమైంది" అని ఒక్క ముక్కలో ముగించావు! జెండా కర్రే లేదు. ఆ కర్ర దగ్గర ఆగాలి కదయ్యా. గ్రీసు దేశం మీద మాత్రం మూడు పేజీలు రాశావు. 1899లో ఫ్రెడ్ స్టోకర్ ఈ క్లబ్బుకు స్పార్టన్స్ అని పేరు పెట్టాడంటే, పాతకాలపు గ్రీసులోని స్పార్టా సైనికుల్లా ప్రాణం పెట్టి ఆడతారని ఆశపడ్డాడు. దానికి ఒక వాక్యం చాలు. నువ్వు యుద్ధానికే వెళ్ళిపోయావు.

నాకెందుకింత పట్టింపో చెప్పనా? బ్లైత్ ఒకప్పుడు బొగ్గు ఓడల రేవు. ఆ జట్టులో ఆడిన అలన్ షోల్డర్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఏడాది తిరక్కుండానే న్యూకాజిల్ యునైటెడ్ అతన్ని తీసుకుంది. నేను ఇల్లెందులో పుట్టినవాణ్ణి, మా నాన్న కోల్ ఫిల్లర్, గనిలో తవ్విన బొగ్గు టబ్బుల్లోకి ఎత్తేవాడు. బాయి, అంటే గని, దిగి వచ్చిన మనిషి ఒళ్ళు కడుక్కున్నాక కూడా కనురెప్పల అంచున కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలిపోతుంది. ఆ కళ్ళతో సాయంత్రం బంతి వెంట పరుగెత్తిన వాళ్ళని చూశాను.

మా కాలనీలోనూ ఒక జట్టుండేది. ఫైనల్ రోజున మా గోల్‌కీపర్ రాలేదు. రిలీవర్ రాక డబుల్ డ్యూటీ పడింది. మా వాళ్ళు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. నా రెండో కథ అదే. ఒక ఆదివారం అనుబంధానికి పంపితే, "ముగింపు నిరాశగా ఉంది, పాఠకులకు ఉత్సాహం కావాలి" అని సంపాదకుడు కార్డు రాశాడు. నేను మార్చనన్నాను. ఆయనే మార్చి అచ్చేశాడు. గోల్‌కీపర్ ఆఖరి నిమిషంలో టోపీ లైటుతో సహా పరుగెత్తుకొచ్చి పెనాల్టీ ఆపుతాడు! మా నాన్నకు చదువు రాదు. పేపరు చదివి వినిపించమన్నాడు. అంతా విని, కాసేపు ఊరుకుని, "వాడు ఆ రోజు రానే లేదు గదరా, మరి ఎప్పుడొచ్చిండు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పారితోషికం ముప్పై రూపాయలొచ్చింది, అది వేరే సంగతి. ఇప్పుడు ఆ సంపాదకుల స్థానంలో సక్సెస్ స్టోరీల వాళ్ళొచ్చారు. పేర్లు మారాయి, రోగం ఒకటే.

ఇంకో కోపం. "మహిళలు సైతం ఫుట్‌బాల్ ఆడారు" అని రాశావు. ఆ "సైతం" కొట్టేయ్. గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడినట్టుంది. 1917లో బ్లైత్ రేవులో ఓడల నుంచి ఆయుధ సామగ్రి దించి ఎక్కించే ఆడపిల్లలు జట్టు కట్టారు. నావికులు ఇసుక తీరాన వాళ్ళకు ఆట నేర్పారు. గని కార్మికుడి కూతురు బెల్లా రే ఒక్క సీజన్లో 133 గోల్స్ కొట్టింది. 1918 మేలో మిడిల్స్‌బరోలో 22,000 మంది ముందు, ఆయుధాల పనిలో ఉన్న ఆడవాళ్ళ జట్లు ఆడే మ్యునిషనెట్స్ కప్ ఫైనల్ 5-0తో గెలిచారు, అందులో మూడు ఆమెవే. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఆ పనులు పోయాయి, జట్టూ పోయింది. 1921 డిసెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళ ఆటే కూడదంది. ఇది విడి అధ్యాయం. ఇక్కడ కూడా "అయినా వారి స్ఫూర్తి నేటికీ" అని మొదలుపెట్టావో, ఉత్తరం రాయడం మానేస్తాను.

ఏ సీజన్లో ఏ లీగ్‌లో ఎన్నో స్థానం అనే పన్నెండు పేజీల పట్టిక తీసెయ్. అది నీ కోసం దాచుకో.

ప్రచురణకర్త ఎవరు, ముందుమాట రాస్తానా లేదా, అని ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం.

చదువు కోసం న్యూకాజిల్‌లో ఉన్నావు, శనివారం బ్లైత్ వాళ్ళ మైదానం క్రాఫ్ట్ పార్క్‌కి బస్సెక్కుతున్నానని రాశావు కదా. ఫిబ్రవరిలో మ్యాచ్ అయ్యాక జనం వెళ్ళిపోయేదాకా ఉండు. ఎవరూ అడ్డు చెప్పకపోతే కార్నర్ జెండా దగ్గర వంగి, బొటనవేలితో నేల నొక్కి చూడు. దిగుతుందో లేదో నాకు రాయి.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.